డిజిటల్ ప్లానర్ పెట్టుకుంటే మనసుకి తెరిపి ఉంటుందా? బెంగళూరులో వాడుతున్నవాళ్లు చెప్పండి

సర్జాపూర్_పక్షి
సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. సొంతూరు తెనాలి. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరే. బెళ్లందూరు దగ్గర ఒక కంపెనీలో టెస్టింగ్ టీం చూసుకుంటాను. ఇంట్లో నేను, మావారు, ఒకటో తరగతి చదివే పాప, మా దగ్గర కొన్నాళ్లు బావగారి దగ్గర కొన్నాళ్లు ఉండే అత్తయ్యగారు.

నా ఇబ్బంది ఇదీ. పడుకోగానే బుర్రలో జాబితా మొదలవుతుంది. రేపటి రిలీజ్‌కి రిగ్రెషన్ (పాతవన్నీ పాడవకుండా ఉన్నాయా అని మళ్లీ చేసే టెస్టింగ్) ఎవరికి అప్పజెప్పాలి, ట్యాంకర్‌కి ఫోన్ చేశామా లేదా, అత్తయ్యగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, శుక్రవారం పాపకి ఏదో రంగు బట్టలు వేయమన్నారు, ఏ రంగు? ఒకటి తేలకుండానే ఇంకోటి. కన్ను మూతపడేసరికి రెండు. తెల్లారి లేస్తే ఒళ్లు బరువు, ఎవరు ఏ చిన్న మాటన్నా కళ్లలో నీళ్లు. డాక్టరు దగ్గరికి వెళ్లాను. థైరాయిడ్, రక్తం అన్నీ చూశారు, బాగానే ఉన్నాయి. స్ట్రెస్ తగ్గించుకోమన్నారు. ఎలా తగ్గించుకోవాలో చెప్పలేదు.

మా టీంలో ఒకమ్మాయి డిజిటల్ ప్లానర్, అంటే పనులూ టైములూ ఫోన్లోనో ఐప్యాడ్ మీదో రాసుకునేది, వాడమంటోంది. యూట్యూబ్‌లో చూస్తే ఐప్యాడ్ మీద రంగురంగుల స్టిక్కర్లు అంటిస్తున్నారు, ఉదయం ఐదింటికి లేచి గంటసేపు జర్నల్ రాస్తున్నారు. మా ఇంట్లో ఐదింటికి మోటారు వేయాలి, టిఫిన్ సంగతి చూడాలి. మనలాంటి ఇళ్లలో నిజంగా వాడేవాళ్లు చెప్పండి. దీనివల్ల మనసుకి ఏమైనా మేలుందా? ఉంటే ఏది వాడాలి, ఏం రాయాలి, ఏం రాయకూడదు?

కడప_టు_కేఆర్‌పురం
మంగళవారం, అర్ధరాత్రి 12:20

అక్కా, గూగుల్ క్యాలెండర్ చాలు. కొత్తగా ఏదీ కొనే పన్లేదు. టాస్క్స్ కూడా దాంట్లోనే ఉండాయి. నాది నైట్ షిఫ్ట్ సపోర్ట్. నేను ముందు నా నిద్ర పెట్టుకుంటా క్యాలెండర్లో, తర్వాతే మిగతావి. ఇప్పుడు కాల్ ఉండాది, వివరంగా మళ్లీ రాస్తా.

మల్లెపందిరి
మంగళవారం, ఉదయం 10:40

పక్షి గారూ, మీ జాబితాలో పేర్లు మారిస్తే అది నాదే.

మేం రాజాజీనగర్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు, ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. నేను గమనించింది చెప్తాను. నన్ను అలసగొట్టింది పనులు కావు, ఆ పనులన్నీ గుర్తుపెట్టుకునే బాధ్యత ఒక్కదాని మీదే ఉండటం. మావారు ఏ పని చెప్పినా కాదనరు. కానీ చెప్పాలి. చెప్పాలంటే ముందు నాకు గుర్తుండాలి. వ్యాన్ ఫీజు, చిన్నాడి టీకా తేదీ, గ్యాస్ బుకింగ్, బెస్కాం కరెంటు బిల్లు, ఊళ్లో పెళ్లిళ్లు, అన్నీ నా తలలోనే. ఆయన హాయిగా నిద్రపోయేవారు. ఆయనకి బాధ్యత లేక కాదు, ఆ జాబితా ఆయనకి కనబడేది కాదు, అంతే.

అందుకని కంప్యూటర్లో గూగుల్ క్యాలెండర్ తెరిచి "ఇల్లు" అని వేరే క్యాలెండర్ ఒకటి చేశాను. దాన్ని మావారికి, మార్పులు చేసే హక్కుతో సహా, షేర్ చేశాను. ఒక్క విషయం గమనించండి: షేర్ చేసినంత మాత్రాన ఆయన ఫోన్ మోగదు. ఆ క్యాలెండర్‌కి నోటిఫికేషన్ ఆయన తన ఫోన్లో విడిగా పెట్టుకోవాలి. పక్కన కూర్చోబెట్టుకుని పెట్టించండి. ఇప్పుడు వ్యాన్ ఫీజు ఆయన దగ్గర మోగుతుంది. నేను అడగను, ఆయనా నన్ను అడగరు. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో చిరాకు సగానికి సగం తగ్గింది.

ఇంకోటి, ఏడాదికోసారి వచ్చే పనులు. రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులకి తగ్గించారు కదా. జనవరి 12 రాత్రి బెంగళూరులో బయల్దేరే బండికి నవంబర్ 13 ఉదయం 8 గంటలకి బుకింగ్ తెరుచుకుంటుంది. అది ప్రతి ఏడూ వచ్చేలా పెట్టేశాను. ముందురోజు రాత్రి ఐఆర్‌సీటీసీ పాస్‌వర్డ్ సరిచూసుకోమని ఇంకో రిమైండర్. సంక్రాంతికి టికెట్ దొరుకుతుందో లేదో రైల్వే వాళ్ల చేతిలో ఉంది. కానీ దసరా వెళ్లిన దగ్గర్నుంచి ఆ తేదీని తల్లో మోసుకు తిరిగే అవస్థ నాకు లేదు.

ఏ యాప్ అంటారా? మీవారు ఇప్పటికే రోజూ తెరిచేది ఏదైతే అది.

హెచ్ఏఎల్_విశ్రాంత
మంగళవారం, మధ్యాహ్నం 3:05

అమ్మా, నేను విమానపురలో ఉంటాను. విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌లో, ప్లానింగ్ విభాగంలో చేసి రిటైరయ్యాను. నాకు ఈ యాప్‌లు అలవాటు లేదు, ఇప్పటికీ డైరీయే. ప్లానింగ్ తెలిసినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తాను.

మా వర్క్‌షాపులో ఏ మెషీన్‌కీ షిఫ్టు మొత్తం లోడు వేసేవాళ్లం కాదు. సర్వీసుకి పట్టే టైము ముందే తీసి, మిగిలిన దాంట్లోనే పని ఇచ్చేవాళ్లం. పని లేనప్పుడు చూద్దాంలే అనుకునే వ్యవహారం కాదది. షెడ్యూల్లో దానికో వరస ఉండేది, దాన్ని ఎవరూ కదపకూడదు. మనిషి తనకి తాను రాసుకునే ప్లానులో ఆ వరస కనబడదు. మా అబ్బాయి ఒకసారి తన క్యాలెండర్ చూపించాడు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా ఒకదాన్నొకటి ఆనుకుని పెట్టెలు. అన్నం ఎప్పుడు తింటావురా అంటే "మధ్యలో" అన్నాడు. ఆ మధ్య ఎక్కడుందో నాకు కనబడలేదు.

నాదో సందేహం కూడా ఉంది. ప్లానర్ ఫోన్లో ఉంటే పడుకోబోయే ముందు ఫోన్ చేతిలోకి తీసుకోవాలి. తీసుకున్నవాళ్లు జాబితా ఒక్కటే చూసి పక్కన పెట్టేస్తున్నారా?

నిదానం
మంగళవారం, రాత్రి 8:30

నమస్కారం. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, ఇక్కడే పనిచేస్తాను. నేను రాసేది అందరికీ పనికొచ్చే సమాచారం మాత్రమే, ఎవరి చికిత్సకీ బదులు కాదు.

పక్షి గారూ, పడుకోగానే జాబితా మొదలవడం మీ ఒక్కరి బలహీనత కాదండి. పూర్తికాని పనులు మనసులో కదులుతూనే ఉంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో రాశారు. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లారు. ఆ కదలిక తగ్గడానికి పని పూర్తికావాల్సిన అవసరం లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయంగా అనుకుంటే చాలని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. ప్లానర్ వల్ల మనసుకి మేలు ఏమన్నా ఉంటే అది ఇక్కడే ఉంది. మీ తరఫున ఇంకోచోట గుర్తుంది అన్న నమ్మకం కుదిరితే మనసు కాపలా మానేస్తుంది.

నిద్ర గురించి కూడా ఒక అధ్యయనం ఉంది. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్లది, 2018లో వచ్చింది. 57 మంది యువతీయువకుల చేత పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయించారు. కొందరు రాబోయే పనులు రాశారు, కొందరు అయిపోయిన పనులు రాశారు. రాబోయేవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. ల్యాబ్‌లో చేసిన చిన్న అధ్యయనం, దాన్నే పట్టుకుని పెద్ద మాటలు చెప్పను. కానీ ఖర్చు లేని పని. "ట్యాంకర్" అని రాస్తే మనసు ఊరుకోదు. "బుధవారం 9:30కి ట్యాంకర్‌కి ఫోన్, మావారు చేస్తారు" అని రాయండి. హెచ్ఏఎల్ పెద్దాయన అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఆ అధ్యయనంలో వాళ్లు కాగితం మీదే రాశారు. ఫోన్లో రాసేటట్టయితే పడకెక్కే ముందు కాదు, దానికి ఓ గంట ముందు, హాల్లో కూర్చుని రాయండి.

ఇక అసలు ముఖ్యమైనది. డిప్రెషన్ చికిత్సలో బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది. మనసు బాగాలేనప్పుడు మనం మొదట మానేసేది మనకి ఇష్టమైనవి: పాట, నడక, స్నేహితురాలికి ఫోన్. అవి మానేసేకొద్దీ ఇంకా కుంగిపోతాం. ఉత్సాహం వచ్చాక చేద్దామని కూర్చుంటే అది రాదు. అందుకని చిన్నవి ఎంచుకుని, టైము వేసి, ఉత్సాహం లేకపోయినా చేయిస్తాం. చేశాక రెండు అంకెలు వేయమంటాం, సున్నా నుంచి పది దాకా: ఎంత సంతోషంగా అనిపించింది, ఏదో చేయగలిగానన్న తృప్తి ఎంత. ఇది పెద్ద డాక్టర్లే చేయాల్సింది కూడా కాదు. గోవాలో సంగత్ అనే సంస్థ ఈ పద్ధతి మీద ఒక కార్యక్రమం తయారుచేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు వ్యక్తులకి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకి అందించింది. 495 మందితో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, బాగా పనిచేసింది. టైము వేసుకుని పనులు చేయడం దాంట్లో ముఖ్యమైన భాగం.

కాబట్టి మీ ప్లానర్లో ఆఫీసు పనులు, ఇంటి పనులు మాత్రమే ఉంటే అది మనసుకి మేలుచేసే ప్లానర్ కాదండి, పని చేయించే ప్లానర్. మీకోసం ఒక్కటైనా, టైముతో సహా ఉండాలి.

ఒక హెచ్చరిక. రెండు వారాలకి మించి దిగులు తగ్గకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలనిపించకపోయినా ప్లానర్‌తో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. దానికి ప్రధాన కేంద్రం బెంగళూరులో ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ, మన నిమ్హాన్సే. బీటీఎం లేఅవుట్లో నిమ్హాన్స్ వాళ్ల సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ కూడా ఉంది.

ఓరుగల్లు_పోరడు
మంగళవారం, రాత్రి 11:18

అక్కా, నాకైతే ఉల్టా అయింది. మున్నేకొళాలల పీజీల ఉంట. చదువైపోయింది, జాబ్ ఇంక రాలే. ఒక యాప్‌ల పొద్దుగాల సంది రాత్రి దాక అంత రాసుకున్న. కోడింగ్ ప్రాక్టీసు, సిస్టమ్ డిజైన్, అప్లికేషన్లు, వాకింగు, నీళ్లు ఎన్ని గ్లాసులు, మూడ్ ఎట్లున్నది. ఒక్కరోజు తప్పితె స్ట్రీక్, అంటె వరుసగ చేసిన రోజుల లెక్క, సున్నకు పోతది. చెయ్యనియన్నీ ఎర్రగ అయితయి. ఇప్పుడు ఆ యాప్ తెరవాల్నంటెనే గుండె దడ. ఆ ఎరుపు చూసినప్పుడల్ల నేను దేనికీ పనికిరాననిపిస్తది. అమ్మ ఫోన్ చేస్తె గూడ ఎత్తబుద్ధయితలేదు. ప్లానర్‌తోని మనసు మంచిగయితదంటె నేనైతె నమ్మ.

కోలారు_తెలుగు
మంగళవారం, రాత్రి 11:47

తమ్ముడూ, ఆ ఎరుపు నీ గురించి ఏమీ చెప్పదు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో నువ్వు వేసుకున్న లెక్క గురించి చెప్తుంది.

నేను ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి ఈ విషయం బాగా దగ్గర. ఒక పని ఎంతసేపు పడుతుందో చెప్పమంటే మనుషులు మామూలుగా తక్కువే చెప్తారు. కానెమాన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనేవాళ్లు థీసిస్ రాస్తున్న విద్యార్థులని అడిగారు, ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని. సగటున 34 అన్నారు. పోనీ అన్నీ అడ్డం తిరిగితే? 49 అన్నారు. నిజానికి పట్టింది 55. అంటే మన చెడ్డ అంచనా కూడా నిజం కంటే మంచిదే. ఇందులో సోమరితనం మాటే లేదు.

నేను చేసేది ఏంటంటే, ప్రతి పని పక్కన రెండు అంకెలు. అనుకున్నది ఎంత, పట్టింది ఎంత. కొన్నాళ్లకి నా లెక్క నాకే తెలిసింది: రాత పని ఏదైనా అనుకున్నదానికి దాదాపు రెట్టింపు. ఇప్పుడు మొదట్నుంచీ రెట్టింపే రాస్తాను. రోజుకి పడే పనులు సగమయ్యాయి, అయ్యే పనులు మాత్రం తగ్గలేదు. బెంగళూరులో దారి టైము వేరే పెట్టెగా పెట్టాలి, ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లేవాళ్లయితే మరీనూ. మీటింగ్ 10కి అని రాసి ఊరుకుంటే 8:45కి బయల్దేరాలన్నది ఎక్కడా ఉండదు, ఆ హైరానా మొత్తం గుండెలో ఉంటుంది.

నిదానం
బుధవారం, ఉదయం 7:10

ఓరుగల్లు తమ్ముడూ, నీ పోస్టు పొద్దున్నే చూశాను. రాసి మంచిపని చేశావు.

ముందు ఆ యాప్ ఫోన్లోంచి తీసేయి. ఇది నా సలహా, సందేహం లేకుండా చెప్తున్నాను. స్ట్రీక్ అనేది నిన్ను రోజూ యాప్ తెరిపించడానికి పెట్టింది. బాగున్న రోజుల్లో అది హుషారిస్తుంది, బాగోలేని రోజున తిడుతుంది. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మనిషికి రోజూ తిట్టే వస్తువు జేబులో అక్కర్లేదు.

దాని బదులు ఫోన్లో మామూలు నోట్ ఒకటి తెరువు. తేదీలు, ఎరుపులు లేనిది. రోజుకి మూడే రాయి: చదువుది ఒకటి, ఒంటికి సంబంధించింది ఒకటి, మనుషులతో ఒకటి. "చదువు" అంటే ఆరు గంటల సిలబస్ కాదు, ఒక్క లెక్క. "మనుషులు" అంటే ఈరోజుకి అమ్మకి ఫోన్. ఐదు నిమిషాలు చాలు, ఉద్యోగం మాట ఎత్తకుండా "ఏం వండినవు" అని అడుగు. చేయలేకపోతే గీత కొట్టకుండా రేపటి మూడింట్లో మళ్లీ రాయి. రెండుమూడు రోజులు వరసగా అదే పని మిగిలిపోతుంటే అది పెద్దదన్నమాట, దాన్ని ఇంకా చిన్నది చేయి.

ఇంకో మాట సూటిగా అడుగుతాను, ఏమనుకోకు. పనికిరాను అనిపించడం రోజంతా ఉంటోందా? చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా? వస్తుంటే ఇక్కడ జవాబు రాయక్కర్లేదు. ఇప్పుడే 14416కి చేయి. పీజీలో నీకు దగ్గరివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని పక్కన కూర్చోమను.

హెచ్ఏఎల్_విశ్రాంత
బుధవారం, ఉదయం 9:00

బాబూ, మున్నేకొళాల మాకు దగ్గరే. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. ఇక్కడే ప్రైవేటు మెసేజ్ పంపుతున్నాను.

తాళపత్రం
బుధవారం, మధ్యాహ్నం 1:20

ఐప్యాడ్ ప్లానర్ల తరఫున నేనూ ఒక మాట. జయనగర్‌లో కాలేజీలో చెప్తాను. గుడ్‌నోట్స్ అనే యాప్‌లో పీడీఎఫ్ ప్లానర్ వాడతాను. పక్కన నెలల పేర్ల మీద నొక్కితే ఆ పేజీకే వెళ్తుంది, పెన్నుతో రాసుకోవడమే. చేత్తో తెలుగులో రాసుకోవడం నాకు గొప్ప ఊరట. టైపు చేసేటప్పుడు ఆ నింపాదితనం రాదు. కానీ పీడీఎఫ్ మోగదు. అది మందుల టైము గుర్తుచేయదు, మీటింగ్ కదిలితే తనంతట తాను మారదు. మోగాల్సినవి క్యాలెండర్లోనే ఉండాలి. స్టిక్కర్లు, అందమైన టెంప్లేట్లు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. కొనే ముందు ఉచితంగా దొరికే ఖాళీ వారపు పేజీతో నెల రోజులు వాడి చూడండి.

గుప్తలేఖ
బుధవారం, సాయంత్రం 6:45

ఏం రాయకూడదు అని పక్షి గారు అడిగారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. నేను ఐటీ అడ్మిన్‌గా పనిచేస్తాను, కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ఆఫీసు అకౌంట్లోని క్యాలెండర్ ఆఫీసుదే. చాలా కంపెనీల్లో మీ ఈవెంట్ పేరు తోటివాళ్లకి కనబడేలాగే సెట్టింగ్ ఉంటుంది. "ప్రైవేట్" అని పెడితే తోటివాళ్లకి కనబడదు, అయినా అకౌంట్ మీద అధికారం కంపెనీదే. అందుకని కౌన్సెలర్ అపాయింట్‌మెంట్, మందుల పేర్లు, మూడ్ నోట్సు ఆఫీసు క్యాలెండర్లో ఒక్క అక్షరం కూడా వద్దు. అవన్నీ సొంత అకౌంట్లో. ఆఫీసు క్యాలెండర్లో ఆ గంటకి "బిజీ" అని ఒక పెట్టె చాలు.

ఫోన్ లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ పూర్తిగా కనబడకుండా దాచుకోండి. "4:30 కౌన్సెలింగ్" అని బల్ల మీదున్న ఫోన్ వెలిగితే చుట్టుపక్కలవాళ్లు చదివేస్తారు. దాన్లో సిగ్గుపడాల్సిందేమీ లేదు, కానీ ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం ప్రకారం జరగాలి. మూడ్ రాసుకునే యాప్ ఏదైనా పెట్టుకునే ముందు రెండు చూడండి: రాసింది ఫోన్లోనే ఉంటుందా లేక వాళ్ల సర్వర్‌కి వెళ్తుందా అన్నది ఒకటి, అకౌంట్ తీసేస్తే డేటా కూడా పోతుందా అన్నది రెండోది. ఈ రెండిటికీ స్పష్టమైన జవాబు దొరకని యాప్‌లో మీ మనసు సంగతులు రాయకండి.

కడప_టు_కేఆర్‌పురం
గురువారం, ఉదయం 8:15

షిఫ్ట్ అయిపోయి ఇప్పుడే వచ్చినా. నైట్ షిఫ్టోళ్లు ఇంకెవరన్నా చదువుతా ఉంటారని రాస్తాండా.

మాకు అందరికన్నా కష్టం ఏందంటే, లోకమంతా మన నిద్రలోకి ఫోన్ చేస్తాది. బ్యాంకోళ్లు, డెలివరీ, ఊర్నించి చిన్నాయన. నేను 9:30 నుంచి 4 దాకా నిద్ర అని పెట్టుకుని, ఆ టైముకి ఫోన్లో డూ నాట్ డిస్టర్బ్ దానంతటదే ఆన్ అయ్యేట్టు చేసినా. అమ్మ నంబరు ఒక్కటే మోగుతాది. ఆండ్రాయిడ్‌లో బెడ్‌టైమ్ మోడ్ అని ఉంది, అది పెడితే స్క్రీన్ రంగులు పోయి బూడిదగా అయితాది. రీల్స్ చూడబుద్ధి కాదు. ఐఫోనోళ్లకి ఫోన్ మోగకుండా ఆపేదానికి 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన ఫోకస్ ఉండాది.

పెద్దాయన అడిగిన దానికి నా జవాబు: క్యాలెండర్ విడ్జెట్‌ని హోం స్క్రీన్ మీద పెట్టినా. యాప్ తెరవకనే ఈరోజుది కనబడతాది. అయినా ఫోన్ వదల్లేనోళ్లు ఉంటారు, మా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు. అట్లాంటోళ్లకి నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ అని 2014 నుంచే ఉండాది, ఫోన్, గేములు, నెట్ వదల్లేకపోవడానికే. వాడు పోయొచ్చినాడు. ఇప్పుడు బాగుండాడు.

సర్జాపూర్_పక్షి
కొన్ని వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

అందరికీ జవాబు ఆలస్యమైంది. చేసి చూసి రాద్దామని ఆగాను.

మల్లెపందిరి గారు చెప్పిన "ఇల్లు" క్యాలెండరే మొదట పెట్టాం. మావారు ఒకరోజు రాత్రి అది మొత్తం కిందదాకా చూసి, "ఇన్నున్నాయా?" అన్నారు. ఇప్పుడు ట్యాంకర్, స్కూలు, కరెంటు ఆయనవి. అత్తయ్యగారి మందులు అత్తయ్యగారే చూసుకుంటానన్నారు. ఆవిడ ఫోన్లో ప్రతి నెలా 25న "మాత్రలు లెక్క పెట్టు" అని తెలుగులో వస్తుంది. ఆవిడకి ఆ బాధ్యత ఇవ్వడం ఆవిడకే నచ్చింది.

నా గురువారం ఇక్కడ పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. 5:30 నుంచి 8:30 దాకా "ఇల్లు" అని ఒకే పెద్ద పెట్టె, లోపల ముక్కలు చేయలేదు. పొద్దున పూట నిమిషాల లెక్క రాస్తే నాకు ఊపిరాడదు. తర్వాత దారి, దానికి వేరే పెట్టె. 9:45కి టీంతో స్టాండప్, అంటే రోజూ ఉండే చిన్న మీటింగ్. 10:15 నుంచి 12 దాకా రిలీజ్ పని, చాట్ మూసేసి. 1:15కి భోజనం, సిస్టం ముందు కాదు, కింద క్యాంటీన్లో. 3 నుంచి 3:30 ఏమీ లేదు, పెద్దాయన చెప్పిన సర్వీసు వరస. ఆ అరగంటలో పొద్దున మిగిలింది ఏదో ఒకటి ఎప్పుడూ వచ్చి కూర్చుంటుంది. అది లేని రోజుల్లో ఆ మిగిలిందే రాత్రి ఇంటికొచ్చేది. 9:15కి హాల్లో కూర్చుని రేపటివి రాస్తాను, ఎవరు, ఎప్పుడు, ఏం అన్న మూడూ ఉండేలా. తర్వాత ఫోన్ హాల్లోనే ఛార్జింగ్‌కి.

నిద్ర? రోజూ బాగా పడుతోందని చెప్పను. రిలీజ్ ముందురోజు ఇప్పటికీ మెలకువగానే ఉంటాను. కానీ మామూలు రోజుల్లో జాబితా మొదలవగానే "అది రాసేశాను" అనిపించి మనసు వదిలేస్తోంది. నిదానం గారు చెప్పిన రెండు అంకెలు వేస్తున్నాను. వాటివల్ల నాకు తెలియని ఒక సంగతి బయటపడింది. వారాంతంలో మాల్‌కి వెళ్లిన రోజు సంతోషం 3. అత్తయ్యగారు, పాప, నేను కైకొండ్రహళ్లి చెరువు దగ్గర నడిచిన రోజు 8. ఆ చెరువుకి వెళ్లిన రోజు నేను బయటికి రానని పట్టుబట్టాను, క్యాలెండర్లో ఉంది కదా అని లేచాను. తెనాలిలో మానేసిన సంగీతం మళ్లీ మొదలుపెట్టాను, శనివారం సాయంత్రం ఆన్‌లైన్లో. ఒక కౌన్సెలర్‌ని కూడా కలుస్తున్నాను. ఆ టైము ఆఫీసు క్యాలెండర్లో "బిజీ" అనే ఉంది, గుప్తలేఖ గారికి కృతజ్ఞతలు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. మధ్యాహ్నం 3కి నేను పెట్టుకున్న ఆ అరగంట ఖాళీలో మా మేనేజర్ మీటింగులు పెట్టేస్తున్నారు.

గుప్తలేఖ
ఆదివారం, సాయంత్రం 6:10

ఆఫీసు గూగుల్ అకౌంట్ అయితే మామూలు ఈవెంట్ కాకుండా ఫోకస్ టైమ్ అని పెట్టండి, చాలా కంపెనీల అకౌంట్లలో ఆ వీలుంటుంది. ఆ టైముకి వచ్చే మీటింగులని దానంతటదే తిరస్కరించే ఆప్షన్ అందులోనే ఉంది. వర్కింగ్ అవర్స్ కూడా నింపండి, మీ టైము కాని టైములో పిలిచేవాళ్లకి అది కనబడుతుంది. కానీ ఇవి పెట్టే ముందు మీ మేనేజర్‌కి ఒక్క ముక్క నోటితో చెప్పండి, పొద్దున మిగిలిన పని ఆ అరగంటలో తేలుతుందని. కారణం తెలిస్తే చాలామంది ఆ టైము జోలికి రారు.

ఓరుగల్లు_పోరడు
ఆదివారం, రాత్రి 7:55

అందరికి నమస్తే. ఆ యాప్ ఆనాడే తీసేసిన. నోట్‌ల మూడే రాస్తున్న. 14416కి గూడ చేసిన, తెలుగుల మంచిగ మాట్లాడిన్రు. హెచ్ఏఎల్ సార్ ఇంటికి పోయొచ్చిన. అమ్మతోని రోజు మాట్లాడుతున్న. మంగళవారం ఎలక్ట్రానిక్ సిటీల ఇంటర్వ్యూ ఉన్నది, పొద్దుగాల 11కి. మున్నేకొళాల నుంచి ఎన్నింటికి బయల్దేరాలె?

కోలారు_తెలుగు
ఆదివారం, రాత్రి 8:20

శుభం తమ్ముడూ! రోడ్డు మీద నమ్మకం పెట్టుకోకు, మెట్రోలో వెళ్లు. కుందలహళ్లిలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో దిగు. అక్కడ గ్రీన్ లైన్‌కి మారి ఆర్‌వీ రోడ్డులో దిగితే అక్కణ్ణుంచి ఎల్లో లైన్. 2025 ఆగస్టులో తెరిచారు, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగానే బొమ్మసంద్ర వెళ్తుంది. రెండు చోట్ల మారాలి కాబట్టి దారికి రెండు గంటలు, గేటు దగ్గర సెక్యూరిటీకి అరగంట. 8:30కి పీజీలోంచి బయటపడు. ఐడీ ప్రూఫు, రెజ్యూమె కాపీలు సోమవారం రాత్రే బ్యాగులో పెట్టు. ఆ రోజు మూడింట్లో చదువుది రాయకు, ఇంటర్వ్యూనే ఆ రోజు పని. సాయంత్రానికి కూడా ఏమీ పెట్టుకోకు, ఎలా జరిగిందో ఇక్కడ రాయి.